బొంత కప్పిన టీ

ఆ గ్లాసు అలా పక్కకి జరిపేశావేం తల్లీ? రంగు చూసా? మొహమాటపడకు, చెప్పు, నేనేం అనుకోను. ఈ ముసల్ది పాత సరుకు పోసింది అనుకున్నావు కదూ. నవ్వావంటే అనుకున్నట్టే. మీ హాంగ్‌జో వాళ్ళందరికీ ఇదే జబ్బు, గ్లాసులో లేత గడ్డి తేలుతున్నట్టు ఆకుపచ్చగా ఉంటే తప్ప అది టీయే కాదు మీకు. ఇది మా హువోషాన్ కొండల టీ, దీని రంగే అంత. పాడైపోయి పసుపెక్కలేదు, కష్టపడి మేమే పసుపెక్కించాం. ముందు వాసన చూడు. ఊఁ, ఇంకొంచెం దగ్గరగా. ఏం గుర్తొస్తోంది? అన్నం గిన్నె అడుగున ఎర్రగా వేగి పట్టుకుంటుందే మాడు, చిన్నప్పుడు అట్లకాడతో గీకి చేతిలో పెడితే కరకరా నమిలేవాళ్ళం, ఆ వాసన. ఇప్పుడు తాగు. చేదుందా? లేదు కదా. గొంతులో చిక్కగా దిగి పొట్టలో వెచ్చగా కూర్చుంటుంది. నీ మొగుడికి చిన్నప్పుడు కడుపునొప్పి వస్తే నేను పట్టింది ఇదే. కావాలంటే అడుగు, వాడికేం గుర్తుంటుందిలే.

ఎవరు చేసిందంటావా? ఇది పక్కింటి వాళ్ళు చేసింది. ఫరవాలేదు, తాగొచ్చు. చెయ్యడమంటే మా అన్న చెయ్యాలి. చ్వాన్‌గెన్. నువ్వు పుట్టకముందే పోయాడు. ఆ గోడ మీద ఫొటో ఉందే, ఎవరో బలవంతాన కుర్చీకి కట్టేసినట్టు కూర్చున్నాడు, ఆయనే. ఆయన ముక్కు చూశావా ఎంత ఉందో? ఆ ముక్కుతో మా ప్రాణాలు తీశాడు. టీ రోజులొస్తే ఇంట్లో వెల్లుల్లి లేదు, ఉల్లికాడ లేదు, సబ్బు లేదు, తలకి నూనె లేదు. మా అమ్మకి కీళ్ళ నొప్పులు, మందు నూనె రాసుకుందని ఆవిణ్ణి తీసుకెళ్ళి మా పిన్ని ఇంట్లో దింపొచ్చాడు. కన్నతల్లిని. ఊరి పెద్ద ఒకసారి సారా తాగి పలకరించడానికొస్తే గడప ఇవతలికి రానివ్వలేదు. “అక్కడే నిలబడి మాట్లాడండి బాబాయ్, మీ నోరు నా టీకి అంటుకుంటుంది” అన్నాడు. ఆయనకి కోపమొచ్చి నెల్లాళ్ళు మాట్లాడలేదు. ఎందుకిలా అని నేనడిగితే, “టీ ఆకుకి సిగ్గుండదే షావ్‌హే, పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళ వాసన తగిలించుకుంటుంది” అనేవాడు. మనుషులకంటే ఆకులతోనే ఎక్కువ మర్యాదగా ఉండేవాడు మా అన్న.

ఎలా చేస్తారంటే, మీ టీలాగా మొగ్గలు గిల్లుకుని మురిసిపోవడం కాదు. జానెడు కాడతో సహా పెద్దాకు తెంపుతాం. పొయ్యి మీద మూడు పెద్ద మూకుళ్ళు వరసగా, ఏటవాలుగా ఉంటాయి. అందులో వేసి వెదురు చీపురుతో తిప్పడమే. అదేం మొహం? ఆ చీపురు ఇల్లు ఊడ్చేది కాదమ్మా, టీకే కట్టుకుంటాం. ఆకు వాడి, చుట్టుకుని, కాడ కొక్కెంలా వంగుతుంది. కొంచెం ఆరబెట్టి బుట్టలో అదిమి, గుడ్డ కప్పి, వెచ్చటి మూల పెడతాం. అరటిగెల మాగబెట్టినట్టు మాగబెట్టడమే అది. లోపల వేడి పుట్టి, పచ్చివాసన పోయి, పసుపెక్కుతుంది. తొందరపడి గుడ్డ తీశావా, పసరు. ఆదమరిచావా, పులుపు. ఇదంతా ఎలా పుట్టిందంటే, మా తాత ఒక కథ చెప్పేవాడు. ఎవడో బద్ధకస్తుడు మామూలు టీ చేస్తూ ఆకు కుప్ప పోసి, దాని మీదే తల పెట్టుకుని నిద్రపోయాడట. లేచేసరికి పసుపు. పెళ్ళాం తిడుతుందని, కావాలనే చేశానన్నాడట. మనం వాడి వంశమేనా తాతా అని అడిగితే, మీ నాన్న నిద్ర చూస్తే అలాగే ఉంది అనేవాడు. ఏం చెప్తున్నాను? ఆఁ, అన్న.

అన్న గురించి చెప్పాలంటే వదిన గురించి చెప్పాలి. వదిన ఇక్కడి మనిషి కాదు, షాన్‌డాంగ్ పిల్ల. ఫెంగ్‌చిన్. ఈ టీ మాకంటే ఆ షాన్‌డాంగ్ వాళ్ళే ఎక్కువ తాగేవాళ్ళు. వాళ్ళ నాన్న టెంగ్ మామ ఏటేటా సరుకు కొనడానికొచ్చేవాడు. తలుపులో పట్టని మనిషి, ఆయన మాట్లాడితే కోళ్ళు పారిపోయేవి. మా అన్న చేతి టీ తాగి, “ఒరే అబ్బాయ్, నీకు నా కూతుర్నిస్తాను, నువ్వు నాకు చచ్చేదాకా టీ ఇవ్వు” అన్నాడు. వేళాకోళం అనుకున్నాం. మరుసటేడు పిల్లని వెంటబెట్టుకొచ్చాడు. పెళ్ళికి ఆయన పెట్టింది ఒక్కటే, కర్పూరం చెట్టు చెక్కతో పెట్టె. వాళ్ళ వైపు ఆ చెట్లుండవు, అందుకని ఇక్కడే వడ్రంగి ఎదురుగా కూర్చుని చేయించాడు. దాన్లో వాళ్ళమ్మ కుట్టిన ఎర్ర పట్టు బొంత. పురుగు పట్టకుండా ఉంటుంది తల్లీ ఆ పెట్టెలో, మూత తీస్తే గుప్పుమనేది. వెళ్తూ వెళ్తూ అంత మనిషీ నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, “అమ్మాయ్, దానికి చలెక్కువ, బొంత కప్పుకుంటోందో లేదో నువ్వు చూస్తుండు” అన్నాడు. సరే మామా అన్నాను. కానీ వదిన ఆ బొంత ఎక్కడ కప్పుకుందీ? మాసిపోతుందని దాచుకుంది.

తర్వాత రోజులు మారాయి. చెట్లూ సరుకూ అన్నీ సర్కారువే అన్నారు, సరుకులు కొనేవాళ్ళు రావడం ఆగిపోయింది, టెంగ్ మామా రావడం మానేశాడు. ఆ పైన కరువొచ్చింది. ఆ కరువు సంగతి నన్నడక్కు. చెట్ల బెరడు కూడా మిగల్లేదు. ఇళ్ళల్లో ఏముంటే అది చిలగడదుంపలకి ఇచ్చేశారు జనం, తలుపులు కూడా. ఒకరోజు మా అమ్మ, “ఆ పెట్టె ఉండి ఏం చేస్తుందిరా, దాన్ని ఉడకేసుకుంటామా?” అంది. వదిన బొంత తీసి మంచం మీద పెట్టి పెట్టె ఖాళీ చేసింది. అన్న దాన్ని వీపున కట్టుకుని వంతెన దాకా వెళ్ళాడు, అక్కడే జరిగేవి ఆ మార్పిళ్ళు. పొద్దుటనగా వెళ్ళినవాడు సాయంత్రానికి వచ్చాడు, వీపు మీద పెట్టె అలాగే ఉంది. అమ్మ, “దుంపలేవిరా?” అంది. “ఎవరికీ వద్దట” అన్నాడు. పచ్చి అబద్ధం. మా పిన్ని కొడుకు చూశాడు, ఒకాయన బస్తా తెచ్చి ముందు పెడితే కూడా మా అన్న పెట్టె మీద కూర్చుని లేవలేదట. అమ్మ తిట్టింది, ఏడ్చింది. వదిన బొంత మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టుకుంది. అంతే, దాని గురించి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు.

కరువు పోయాక ఇంటి వెనక టీ చెట్లు మళ్ళీ మావేనన్నారు. ఆ వసంతంలో షాన్‌డాంగ్ నుంచి కబురొచ్చింది, వదిన వాళ్ళ ఊరివాడెవడో పట్నంలో పనికొచ్చి చెప్పిపోయాడు. టెంగ్ మామకి బాలేదు, నోటికేదీ సహించడం లేదు, చ్వాన్‌గెన్ టీ ఉందా అని అడుగుతున్నాడు. అంతే, అన్న అప్పటికప్పుడు ఆకు తెంపేశాడు. మూకుళ్ళ పని బాగానే అయింది. మాగబెట్టాక పట్టుకుంది వాన. అలాంటి ఇలాంటి వాన కాదు, ఎముకల్లోకి దిగే చలివాన. కట్టెలు తడిసి పొగే తప్ప సెగ లేదు. బుట్టలో చెయ్యి పెడితే ఆకు శవంలా చల్లగా ఉంది. అన్న గోనెలు కప్పాడు, తన కోటు కప్పాడు, గడ్డి చుట్టాడు. ఊహుఁ. వదిన గుమ్మంలో నిలబడి, “పోనీ ఎలా ఉంటే అలా తీసుకెళ్తాను, నాన్న ఆగడేమో” అంది. “పసరు టీ పట్టుకెళ్ళి ఆయన నోట్లో పోస్తావా? ఇది నా టీయేనని ఆయనకెలా చెప్తావు?” అని కసిరాడు. నేనక్కడే ఉన్నాను. అన్న గబగబా లోపలికెళ్ళి ఆ ఎర్ర బొంత తెచ్చి బుట్ట మీద కప్పి, అంచులు నాలుగు వైపులా లోపలికి దోపాడు, పసిబిడ్డకి దోపినట్టు. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు తల్లీ. వెల్లుల్లి తిన్నానని నన్ను వాకిట్లో నిలబెట్టిన మనిషికి తట్టలేదు.

ఆకు చక్కగా వెచ్చబడింది. అనుకున్న రోజుకి బొంత తీశాడు. రంగు చూడాలి నువ్వు, అంత మంచి పసుపు నేను మళ్ళీ చూళ్ళేదు. అన్న వంగి వాసన చూశాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. నేనూ చూశాను. కర్పూరం. పెట్టె మూత తీసినట్టే ఉంది. ఇంకో దఫా చేద్దామంటే చెట్టున ఆకు లేదు, ఉన్నా రోజుల్లేవు. వదినే అంది మెల్లిగా, “ముసలి నిప్పు మీద పోతుందేమో.” ముసలి నిప్పంటే ఆకుకి చివరిసారి పెట్టే సెగ. ఎర్రటి బొగ్గుల మీద బుట్టని ఇద్దరు చెరో పక్కా పట్టుకుని పెట్టాలి, పెట్టీ పెట్టగానే ఎత్తాలి, ఎగరేయాలి, మళ్ళీ పెట్టాలి. ఆ మాడు వాసన అక్కడ పుట్టేదే. వాళ్ళిద్దరూ ఎత్తుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉండేది, ఒక్కమాట అనుకోకుండా అడుగులో అడుగు వేసేవాళ్ళు. ఆవేళ ఆకు మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర లేచేదాకా, అంటే ఇక చాలనేదాకా, ఎత్తారు, దించారు. చెమటలు కారిపోయాయి. మాడు వాసన వచ్చింది. దాని వెనకే కర్పూరం. అన్న బుట్ట కిందపెట్టి, “పారబొయ్యి” అని బయటికెళ్ళి వానలో నిలబడ్డాడు. వదిన పారబోయలేదు. డబ్బాకెత్తుకుని మర్నాడే బస్సెక్కింది.

అక్కడ జరిగింది వదినే చెప్పింది నాకు. అంత మనిషీ మంచానికి అంటుకుపోయాడట. మసిలే నీళ్ళు పోసి, మూతపెట్టి, గిన్నెలో వంచి, సంజాయిషీ మొదలెట్టిందట, “నాన్నా, ఈసారి వాన...” అని. ఆయన చెయ్యెత్తి ఆపాడట. ఒక గుక్క తాగాడు. ఆవిరి పీల్చాడు. చాలాసేపు గిన్నె ముక్కు దగ్గరే పెట్టుకున్నాడట. అప్పుడన్నాడట, “పెట్టె అమ్ముకోలేదన్నమాట.” మా వైపు కరువు సంగతి ఆయనకి తెలుసు కదా. తలుపులు అమ్ముకున్నారని విన్నాడు. కూతురు ఎలా ఉందో అడగాలంటే భయం, అడిగితే ఏం వినాల్సొస్తుందోనని. అన్నేళ్ళూ అడగలేదు. ఆ గిన్నెలో చూసుకున్నాడు. “బొంత ఉందా?” అన్నాడట. ఉంది నాన్నా. “కప్పుకుంటున్నావా?” కప్పుకుంటున్నాను అందట. ఇంకో గిన్నె పొయ్యమన్నాడట. ఆ డబ్బా అయ్యేదాకా ఉన్నాడు టెంగ్ మామ, తర్వాత పోయాడు.

కళ్ళు తుడుచుకో, కన్నీళ్ళు టీలో పడతాయి. వదిన తిరిగొచ్చి అన్నకీ చెప్పింది ఇదంతా. విని ఏమన్నాడనుకున్నావు? “టీ మాత్రం చెడింది” అన్నాడు. అదీ మా అన్న. లేచి దొడ్లోకి వెళ్ళిపోయాడు, చీకటి పడేదాకా రాలేదు. ఆ పైన మా పెద్దాకు టీని ఊళ్ళో చాలామంది మానేసి, బజారులో గిరాకీ అని ఆకుపచ్చ టీ చేసుకున్నారు. అన్న మానలేదు. మళ్ళీ వెల్లుల్లి లేదు, మళ్ళీ సబ్బు లేదు, ముక్కుతో మళ్ళీ మా ప్రాణాలు తీశాడు. వదిన మాత్రం ఆ చలికాలం నుంచి బొంత కప్పుకోవడం మొదలెట్టింది, నాన్నతో అన్నానుగా అని. చివరి రోజుల్లో కూడా అదే కప్పుకుంది. వదిన పోయిన తర్వాతి వసంతంలో నేను అన్నని చూడ్డానికెళ్ళాను. మంచి ఎండ, ఇల్లంతా వెచ్చగా ఉంది, వాన లేదు, చలి లేదు. గడపలోనే ఆపి, ఏం తిని వచ్చావే అని నోరు వాసన చూశాడు. లోపలికెళ్తే మాగే బుట్టలు వరసగా, అన్నిటి మీదా ఉతికిన తెల్ల గుడ్డలు. చివర్న ఓ చిన్న బుట్ట, దాని మీద ఎర్ర బొంత, అంచులు నాలుగు వైపులా దోపి. అన్నా, వాసన పట్టేస్తుంది కదరా, అన్నాను. నా వైపు చూడలేదు. కింద కూర్చుని ఆ బొంత అంచు ఇంకాస్త లోపలికి నొక్కాడు.

“పట్టనీ” అన్నాడు.

ఏదీ, ఆ గ్లాసు ఇలా తే. చల్లారిపోయింది. వేడినీళ్ళు పోస్తాను.