పచ్చగా ఉన్న చోటే డెక్

విస్కాన్సిన్‌లో ఊరికి దూరంగా, ఏటవాలు నేల మీద ఓ ఇల్లు. అక్కడ ఎవరి బోరు వాళ్లదే, ఎవరి సెప్టిక్ ట్యాంకు వాళ్లదే. ఆగస్టు సాయంత్రం. పెరట్లో మార్గిట్, ఆమె మొగుడు వెర్లిన్. చెక్కలతో అరుగులా వేసే డెక్‌కి కొలతలు తీస్తూ అతని చేతిలో పురికొస.

"మళ్లీ అడుగుతున్నా. వంటింటి తలుపు ఇక్కడుంటే డెక్ ఆ మూలకెందుకయ్యా?"

"గాలొస్తుంది."

"గాలా? దోమలొస్తాయి. కాల్చిన మాంసం పళ్లెంలో పెట్టుకుని అంత దూరం నడవాలా, ఈ మోకాలితో?"

"నడవమన్నాడుగా డాక్టరు."

"వెర్లిన్!"

"ఏంటే?"

"ఇల్లు కొనేవాళ్లకి ఫోటోలో అందంగా కనబడాలనేగా ఈ డెక్? నువ్వే అన్నావ్. ఇంటికి ఆనుకుని ఉంటే అందమా, పెరటి మూల శవపేటికలా పడుంటే అందమా?"

"ఇప్పుడందరూ ఇలాగే కడుతున్నారు. విడిగా."

"ఎవరు?"

"అందరూ."

"ఒక్కడి పేరు చెప్పు."

"ఆ పురికొస తొక్కకు, కొలత పోతుంది."

"కాగితం మీద ఈ బొమ్మేంటి? చుట్టూ నేల దాకా చెక్కలు బిగిస్తావా?"

"ఎలకలు దూరకుండా."

"పైన చెక్కకీ చెక్కకీ సందు కూడా లేదు. చర్చి వెనక డెక్ కట్టినప్పుడు మధ్యలో మేకు పెట్టి మరీ సందు వదిలావుగా? వాన నీళ్లు దిగాలి, లేకపోతే చెక్క కుళ్లిపోద్దని అందరికీ పాఠం చెప్పావ్."

"ఇది వేరు."

"ఏంటి వేరు?"

"వేరంటే వేరు. నువ్వు లోపలికెళ్లు, దోమలు."

"ఇందాక గాలన్నావ్. ఛీ! నా చెప్పు!"

"ఏమైంది?"

"దిగబడింది. వానే లేదు కదయ్యా, పెరడంతా ఎండి వరిగడ్డిలా ఉంటే ఇక్కడ బురదేంటి? ఈ గడ్డి చూడు, మోకాలెత్తున ఉంది. నిగనిగలాడుతోంది."

"అక్కడ నేల మంచిది."

"మరి ఈ కంపు?"

"ఏ కంపు?"

"ముక్కు లేదా నీకు?"

"జింకేదో చచ్చుంటుంది."

"ఎక్కడ?"

"ఎక్కడో."

"జింక చస్తే సబ్బు నురగొస్తుందా? ఇదేంటి తెల్లగా... కాగితంలా... వాక్! ఇది మన కక్కసు కాగితం వెర్లిన్!"

"ముట్టుకోకు."

"ముట్టుకున్నాను! ఛీ ఛీ ఛీ! మన పెంట మన పెరట్లో పైకి ఊరుతోంది. నువ్వేమో దాని మీద చెక్కలు పరిచి కుర్చీలేస్తానంటున్నావ్!"

"మెల్లిగా. కింద ఇంట్లో కెల్సీ వాళ్లకి వినబడుద్ది."

"ఎప్పట్నించి?"

"ఏది?"

"ఎప్పట్నించి అని!"

"మంచు కరిగినప్పుడు చూశా. గొట్టాలు నలిగినట్టున్నాయి."

"వాటంతటవే నలిగాయా?"

"పడవ..."

"పడవ! చలికాలం పడవని బండితో సహా తెచ్చి ఈ గొట్టాల మీదే పెట్టావు కదూ? ట్యాంకు కట్టినాయన ఏం చెప్పాడు? ట్యాంకులోంచి వచ్చిన నీళ్లు ఈ గొట్టాల్లోంచే నేలలో ఇంకాలి, వీటి మీద బరువు పెట్టొద్దని చెప్పలా?"

"ఒక్క చలికాలం పెట్టానే."

"ప్రతి చలికాలం!"

"సరే, ప్రతి చలికాలం. ఇప్పుడేం చేయమంటావ్?"

"బాగు చేయించు."

"బాగు చేయడమంటూ లేదు. ఇదంతా తవ్విపారేసి, పక్కన ఇసక దిబ్బ పోసి, అందులో కొత్త గొట్టాలెయ్యాలి. దానికి కౌంటీ ఆఫీసు వాళ్లు రావాలి. వాళ్లొచ్చి, చూసి, సరేననేసరికి నేల గడ్డకట్టుకుపోద్ది. ఇక వచ్చే వేసవే. అప్పటిదాకా ఇల్లు అమ్మనివ్వరు."

"వచ్చే వేసవా?"

"అదే చెప్తున్నా. డెక్ వేస్తే, కొనేవాళ్ల తరఫున ఇల్లు చూడ్డానికొచ్చిన ఇన్‌స్పెక్టరు చుట్టూ తిరిగి బాగుందంటాడు. చెక్కల కింద దూరి ముక్కెవడు పెడతాడు? పైన పూలకుండీలు పెడతాను."

"పూలకుండీలు! థూ! నీ పక్కలోనా నేనిన్నేళ్లు పడుకుంది?"

"అరవకన్నానా!"

"ఆగు. ఈ నీళ్లు ఎటు పోతున్నాయి?"

"భూమిలోకి."

"భూమిలోకి సరే, ఎటు?"

"డెక్‌కి మెట్లు ఎటువైపు పెడదామంటావ్?"

"వెర్లిన్. నేల ఎటు వాలింది?"

"కిందికి."

"కింద ఎవరున్నారు?"

"తెలిసే అడుగుతావేం?"

"కెల్సీ బోరు. ఆ కంచె పక్కనే... ఓరి దేవుడా. వాళ్ల పసివాడు ఎమెట్‌కి విరేచనాలు. ఆసుపత్రిలో పెట్టి తీసుకొచ్చారు, మళ్లీ మొదలయ్యాయి. పాలపొడి ఆ నీళ్లతోనే కలుపుతుంది. నేను చూశాను, కుళాయి కింద సీసా పెట్టి కలుపుతుంది!"

"మన బోరు పైనుంది. మన నీళ్లు శుభ్రంగా ఉన్నాయ్. మనకేం కాదు."

"అది నేనడిగానా?"

"చెప్తున్నా."

"మనకేం కాదంట! మొన్న ఆదివారం ఆ పిల్లాడి కోసం ప్రార్థన చేయమంటే చర్చిలో అందరికంటే ముందు కళ్లు మూసుకున్నావ్. తెలిసే మూసుకున్నావ్!"

"నిజంగానే ప్రార్థించాను."

"నోర్ముయ్! నిన్ను చూస్తేనే వాంతొస్తోంది. ఈ పెంటే నయం, కంపు దాచుకోదు."

"సరే. అదిగో దారి. పోయి కెల్సీకి చెప్పు. కౌంటీకి ఫోను చెయ్యి. ఆ చేత్తోనే మీ అక్క ఇన్‌గ్రిడ్‌కి కూడా చెయ్యి, తన పక్క ఫ్లాటు ఇంకెవరికైనా ఇప్పించమని."

"మా అక్కని మధ్యలోకి లాగకు."

"లాగక? టౌన్లో లిఫ్టున్న ఇల్లు, మంచు తోయక్కర్లేదు, అక్కతో కూచుని పేకాడుకోవచ్చు అని నా చెవిలో జోరీగలా పాడిందెవరు? అక్టోబరుకల్లా వస్తామని మాటిచ్చిందెవరు?"

"నేనే."

"క్రితం జనవరిలో నేను గడ్డకట్టిన చెరువు మీద చేపలు పడుతుంటే, నువ్వు వాకిట్లో మంచు మీద జారి పడి, లేవలేక అక్కడే ఉన్నావ్. నేనొచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయ్. ఇంకో చలికాలం ఇక్కడుంటే చస్తానన్నావ్."

"అన్నాను."

"మరి?"

"అంటే మాత్రం? పసిపిల్లాణ్ణి చంపమన్నానా?"

"ఎవరు చస్తారే? పిల్లలన్నాక విరేచనాలు రావా? అమ్మేశాక కొన్నవాడే చూసుకుంటాడు. బాగు చేయించుకుంటాడు."

"కొన్నవాడికీ చిన్నపిల్లలుంటే?"

"డెక్‌కి కటకటాలు పెడుతున్నాగా, పడిపోకుండా."

"ఛీ! నువ్వు మనిషివేనా?"

"అదిగో, కెల్సీయే వస్తోంది. చంకలో పిల్లాడు. చెప్పేయ్. నేనడ్డం రాను."

"చెప్తాను. భయమనుకున్నావా?"

"చెప్పు మరి."

"మార్గిట్ పిన్నీ! మీ కోసమే వచ్చాను. అబ్బ, డెక్ కడుతున్నారా బాబాయ్? ఎంత బాగుంటుందో!"

"అక్కడే ఉండమ్మా కెల్సీ, ఇక్కడంతా బురద. నేనే వస్తున్నా. పిల్లాడెలా ఉన్నాడు?"

"చూడండి పిన్నీ, చేతులు పుల్లల్లా అయిపోయాయి. ఏడవడానిక్కూడా ఓపిక లేదు. నర్సుకి నీళ్ల మీద అనుమానం. ఈ సీసాలో మా కుళాయి నీళ్లు పట్టి పరీక్షకి ఇమ్మంది. రేపు పొద్దున టౌనుకెళ్తున్నారుగా, దార్లో ఆసుపత్రిలో ఇచ్చేస్తారా? వీణ్ణేసుకుని నేను బండి నడపలేను."

"నీళ్ల మీద అనుమానమా?"

"నాకేం తెలుసు పిన్నీ? మీరిన్నేళ్లుగా ఇక్కడున్నారు. మీరు చెప్పండి. ఇక్కడి నీళ్లు మంచివేనా?"

"కెల్సీ..."

"ఆఁ?"

"నీకొకటి చెప్పాలమ్మా."

"చెప్పండి."

"అంటే... ఇప్పుడు చెప్తే అక్టోబరు..."

"అక్టోబరేంటి పిన్నీ?"

"ఏం లేదు. అక్టోబరుకి మేం వెళ్లిపోతున్నాంగా, వీడు గుర్తొస్తాడని. నీళ్లకేం తల్లీ, బంగారంలాంటి నీళ్లు. ఇన్నేళ్లు తాగాం, మాకేమైంది? పళ్లొస్తున్నాయేమో చూడు. ఆ సీసా ఇటివ్వు, నేనిచ్చేస్తాను."

"మీరుండబట్టి సరిపోయింది పిన్నీ. లేకపోతే ఎవర్నడగను? ఎమెట్, అమ్మమ్మకి టాటా చెప్పు."

"జాగ్రత్త, వాలుగా ఉంది, చూసుకుని దిగు."

"వెళ్తాను పిన్నీ. వస్తా బాబాయ్!"

"మార్గిట్. దిగిపోయింది ఆ పిల్ల. ఇంకా చెయ్యూపుతావేం? ఆ సీసా ఏం చేస్తావ్?"

"నువ్వే పట్టుకెళ్లు. ఇది గడ్డిలో పారబోసి, మన కుళాయి నీళ్లు పట్టు. సీసా మీది ఆ గీత దాకా నింపు, అనుమానం రాకుండా."