మూడు వేళ్ళ ముద్ద

నువాక్షూత్ నగరంలో సల్కా ఇల్లు. ఎడారి ఊరైన తిజిక్జా నుంచి కారులో దిగిన ఆమె తల్లి తెక్బెర్, భోజనం కానిచ్చి పరుపు మీద బరువుగా చేరగిలబడింది. కూతురు టీ కాస్తోంది.

"ఇంతేనా?"

"ఇంకేం కావాలమ్మా?"

"నాకు కాదే, నీకు! పళ్ళెంలోంచి మూడు వేళ్ళతో నాలుగు ముద్దలు తీసుకుని చెయ్యి కడిగేసుకున్నావ్. కోడిపెట్ట నయం, అదైనా రోజంతా ఏరుకు తింటుంది."

"కడుపు నిండకముందే లేవాలమ్మా. ప్రవక్త చెప్పిందే చేస్తున్నా. ఒక వంతు తిండికి, ఒక వంతు నీళ్ళకి, ఒక వంతు ఊపిరికి."

"నీ ఊపిరి సంగతి సరే, నీ ఒళ్ళెక్కడ పారేసొచ్చావ్? గుమ్మంలో చూసి పనిమనిషనుకున్నాను. మీ అమ్మగారిని పిలువు అనబోయాను."

"అనాల్సింది. పిలిచేదాన్ని."

"ఆ మెల్హఫా బట్ట చూడు. ఒంటికి చుట్టినట్టుందా, గుంజకి ఆరేసినట్టుందా?"

"మోకాళ్ళ నొప్పి పోయింది. నమాజులో సజ్దాకి నేల మీదికి వంగుతున్నా. ఎవరూ లేపకుండా లేస్తున్నా. నువ్వు నుదురు నేలకి ఆనించి ఎన్నాళ్ళయింది?"

"నేను కూర్చుని చేస్తాను. నా మోకాళ్ళ సంగతి అల్లాకి తెలుసు."

"అవెందుకలా అయ్యాయో కూడా తెలుసు."

"ఓహో. మసీదులో ఆడవాళ్ళ పాఠాలకి పోతున్నావట. అక్కడ నేర్పేది ఇదేనా, తల్లిని దెప్పడం?"

"ఆనుకుని కూర్చుని తినొద్దని నేర్పుతారు. వృథా చెయ్యొద్దని నేర్పుతారు. సోమ, గురువారాలు ఉపవాసం ఉండమంటారు. అంతే."

"మాకు తెలియదు పాపం! మా నాన్న ఖురాను మొత్తం నోటికి చెప్పేవాడు."

"చెప్పేవాడు. ఆయన ఒక గుడారంలో చెబుతుంటే, పక్క గుడారంలో నువ్వు నా కాలివేళ్ళ మధ్య పుల్లలు పెట్టి నొక్కేదానివి, కుండెడు ఒంటె పాలు అయ్యేదాకా. కక్కితే కక్కిందే తాగించావు."

"తాగించాను. మనలో ఆడదానికి ఒళ్ళే అందం. తాగించబట్టే పెళ్ళినాడు నిన్ను కారెక్కించడానికి నలుగురు పట్టారు. తెక్బెర్ కూతురంటే కూతురు అన్నారు ఊరంతా. ఇప్పుడు నిన్నెక్కించడానికి మనుషులెందుకు? గాలి చాలు."

"నీ అల్లుడు సిదాతీకి నేనిలా ఉంటేనే ఇష్టం."

"అన్నాడా?"

"అన్నాడు. ఫోన్లో చెబితే, మంచిది అన్నాడు."

"మంచిది. అంతేనా?"

"ఆయన మాట్లాడేదే తక్కువ."

"మొన్న బక్రీదుకి రాలేదేం నీ మొగుడు?"

"నువాదిబూలో పడవల మీద పని ఎక్కువ."

"అంతకుముందు రంజానుకో?"

"టీ తాగమ్మా, చల్లారిపోతోంది."

"ఇందులో పంచదార ఉందా, అదీ మూడో వంతేనా? సరే, నా మనవరాల్ని పిలువు, ఆమినెతూని. ఎనిమిదేళ్ళ పిల్ల, పోయినసారి చూస్తే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మా వైపు వానలు పడ్డాయి, పాలు పొంగిపోతున్నాయి. ఈ సెలవుల్లో తీసుకుపోయి మనిషిని చేసి పంపుతాను."

"స్నానం చేస్తోంది."

"ఇందాక పక్కింట్లో ఆడుకుంటోందన్నావ్."

"ఆడుకునే వచ్చింది. దుమ్ము కొట్టుకుని వచ్చింది."

"ఎప్పుడొచ్చింది? నేను గుమ్మానికెదురుగానే ఉన్నాగా. ఆమినెతూ! ఒసేయ్, ఆమినెతూ!"

"నీళ్ళ చప్పుడుకి వినపడదు. ఇంకో గ్లాసు పొయ్యనా?"

"గ్లాసు అక్కడ పెట్టు. నా మొహం చూసి చెప్పు. పిల్లేది?"

"ఇంట్లో లేదు."

"లేదా?"

"లేదు. నువ్వు బయల్దేరావని తమ్ముడు ఫోన్ చెయ్యగానే తెలిసింది, ఎందుకొస్తున్నావో. పొద్దున్నే బండెక్కించేశాను."

"నాకు కబుర్లు చెబుతూ, టీ పోస్తూ..."

"అవును. బండి ఊరు చేరేదాకా నిన్ను కూర్చోబెట్టాలిగా. ఈపాటికి దిగే ఉంటుంది. నీ తిట్లదేముంది, కుండెడు పాలకంటే తేలిగ్గానే దిగాయి."

"ఏడాది నుంచీ పాఠాలు వింటున్న భక్తురాలివి! తల్లికి అబద్ధాలు చెప్పమని ఏ ఇమాము నేర్పాడే?"

"ఎవరూ నేర్పలేదు. దానికి అల్లాని క్షమించమని తౌబా చేసుకుంటాను. పిల్లని నీ చేతికిస్తే మాత్రం ఏ తౌబా చాలదు నాకు."

"నా చేతికిస్తే ఏమవుతుందట? చస్తుందా? నువ్వు చచ్చావా?"

"ఇప్పటికీ నిద్రలో కాళ్ళు ముడుచుకుంటున్నానమ్మా. పాలవాసనొస్తే లేచి వెళ్ళిపోతాను. అది నువ్వు చూళ్ళేదు. సిదాతీ చూశాడు."

"చాల్లే. ఏ చుట్టం ఇంట్లో దాచావో, అది చెప్పు."

"చుట్టమేంటి? వాళ్ళ నాన్న దగ్గరికే పంపాను. నువాదిబూకి. పో, చేతనైతే వెళ్ళి అడుగు. ఆయన కూతుర్ని ఆయన గుమ్మం దాటించి నువ్వెలా తెచ్చుకుంటావో చూస్తాను."

"సిదాతీ దగ్గరికా?"

"ఎందుకా నవ్వు?"

"ఒసేయ్ పిచ్చిదానా..."

"ఎందుకు నవ్వుతున్నావమ్మా?"

"పెళ్ళాం ఎలాగూ ఎండిపోయింది, పిల్లనైనా తీసుకుపోయి బాగుచెయ్యి అత్తా అని, నాకు కారు మాట్లాడి పంపిందే అతను."