పొట్టి తుపాకి సప్పుడు

సప్పుడికి బయపడినానంట మేడం! నేను! ఆ మాట రాసిన సారు మా రామకుప్పం పక్కకి ఒక్కసారన్నా వొచ్చినాడా?

మాది అడివంచు ఊరు మేడం. రాగి కోతకొచ్చే టయానికి ఏనుగులు దిగతాయి. మా నాయిన గోపాలప్ప పక్కన నిలబడి, టపాసు సేతిలోనే ముట్టించి ఇసిరేసినదాన్ని. ఏనుగు తిరుక్కొని గీపెట్టినా అడుగు ఎనక్కి ఏసేదాన్ని కాదు. అట్లాంటిదాన్ని పట్టుకొని 'కానిస్టేబుల్ చంద్రిక కాల్పుల శబ్దమునకు భయపడి క్రమశిక్షణ తప్పినది' అని రాస్తే... నవ్వాల్నా, ఏడవాల్నా? మీరే సెప్పండి.

కూసోమంటారా? వొద్దులే మేడం. నిలబడే సెప్తా. కూసుంటే నా మాట మెత్తబడి పోతాది.

అవును. మునిశేఖర్ తుపాకిని కొట్టింది నేనే. అవును, గోడౌనుకి బీగమేసింది నేనే. చిత్తూరు నుంచి మీరింత దూరం వొచ్చింది ఆ రెండు మాటల కోసమైతే, ఇదో, సెప్పేసినా. రాసుకోండి. కానీ యాల కొట్టినా, యాల ఏసినా, అది రాసుకోకుండా ఆ పెన్నుకు మూత పెడితే మాత్రం నేనొప్పుకోను.

మొదట్నుంచీ సెప్పాల్నా? సరే.

మా మదనపల్లి పోలీసు స్క్వాడుకి ముందు ఫైరింగు ప్రాక్టీసు గుర్రంకొండ పక్క గుట్ట కింద జరిగేది. బయలు జాగా. సప్పుడు గుట్టకు తగిలి యాడికో పోయేది. మేకలోళ్ళు గొడవ సేసిరి, ఆ జాగా మూసేసిరి. వాళ్ళని అనేదేముంది, సూడి మేకలు బెదిరి పరిగెత్తితే ఎవురూరుకుంటారు? అప్పుడు మా ఫైరింగ్ ఇన్‌స్పెక్టర్ దామోదర్ సార్ పుంగనూరు రోడ్డులో పాత టమాటా గోడౌను పట్టినాడు. నాలుగు పక్కలా సిమెంటు గోడలు, పైన రేకులు. ఆ కొసన ఇసక మూటలు పేర్చి టార్గెట్లు నిలబెట్టినాడు. లోపలికి పోతే ఇప్పటికీ కుళ్ళిన టమాటా వాసనే. 'ఎండ లేదు, వాన లేదు, మేకలోళ్ళు లేరు. ఇంగేం కావాలప్పా మీకు?' అనె.

అప్పుడే కొత్త కార్బైన్లు వొచ్చె. పొట్టి తుపాకులు. ఇరుకు ఇండ్లల్లో, కార్లల్లో తిప్పుకునేదానికి వాటంగా ఉంటాయని. సూసేదానికి ముద్దుగా ఉండాయి మేడం, తిరనాళ్ళలో అమ్మే బొమ్మల మాదిరి. నాతో పాటు స్క్వాడులో ఉండే కుమారి ఒకటి సేతిలోకి తీసుకొని, 'అక్కా, పొట్టిదానికి సప్పుడు గూడా పొట్టిగానే ఉంటాదేమో' అని నవ్వింది.

మొదటి గుండు కాలిస్తిమి.

అబ్బా! సప్పుడు కాదు మేడం అది. దెబ్బ. ఎవురో అరసెయ్యి సాచి సెవి మింద కొట్టినట్ల. పొడుగు తుపాకికి నోరు మన మొగానికి దూరంగా ఉంటాది. దీని నోరు మన ముక్కు ముందరే. పైగా సిమెంటు గోడలాయె. పోయిన సప్పుడు పోయినట్లే తిరిగొచ్చి ఇంగోసారి కొడతాది. పక్కోడు కాల్చినా ఆ దెబ్బ మనకే. నోట్లో పండ్లల్లో గూడా తెలిసేది. రేకుల మించి దుమ్ము రాలేది.

సెవులకి పెట్టుకునే మఫ్‌లా? ఉండాయి మేడం, యాల లేవు! మనుషులు శానామంది, మఫ్‌లు రొన్ని. లోపలి స్పాంజి ఎండిపోయి పొడి పొడిగా రాలతాండాది. మా ఆడోళ్ళకైతే కొప్పు అడ్డమొచ్చి అవి సెవికి అతుక్కోనే అతుక్కోవు. స్టోర్లో అడిగితే 'ఇండెంట్ పంపినాము, వస్తాయిలే' అంటారు. ఇంగేం సేస్తాము? కుమారి ఇంటినుంచి దూది తెచ్చె. దీపాలకి వత్తులు సేసుకునే దూది! దాన్నే అందరం పంచుకొని సెవుల్లో కుక్కుకునేది.

దామోదర్ సార్ అది సూసి, 'రేపు నిజంగా కాల్పులు జరిగితే, ఉండప్పా, దూది పెట్టుకొనొస్తానని ఎదుటోడికి సెప్తారా?' అనె. అందరూ నవ్విరి. సిగ్గు లేకుండా నేనూ నవ్వితి. జవాబు ఇప్పుడు సెప్తాండా, ఆయనకి గూడా ఇనిపించండి. నిజంగా జరిగే రోజు వొస్తే వొస్తాది, లేకుంటే లేదు. నేర్సుకునేది వారం వారం. ఎప్పుడో వొచ్చే ఒక్క రోజు కోసం ఏడాదంతా సెవులు కాల్చుకోవాల్నా?

ఆయన సెడ్డోడని నేననను. ఎండలో మాతో పాటే నిలబడతాడు, మాతో పాటే సద్ది తింటాడు. 'ఇంత సర్వీసు కాల్చినా, నాకేమైంది?' అంటాడు. పక్కనే ఉంటాము, అయినా అరుస్తాడు. వాళ్ళింట్లో టీవీ పెడితే వీధి కొసనుండే వాళ్ళకి గూడా వార్తలు తెలుస్తాయి. ఏమైందో ఊరందరికీ తెలుసు, ఆయనకి తప్ప.

ఇంగ కుమారి సంగతికొస్తా.

దానిది చౌడేపల్లె పక్క. పాడి ఇల్లు. ఆవు ఈనింది, జున్ను తిందువు రా అక్కా అని పిలిస్తే పోయినా. దాని తల్లి ఈరమ్మ కొట్టంలో ఉండాది. 'కుమారీ, దూడని పట్టుకోమే' అని వెనకనుంచి పిలిచె. ఇది తిరగలా. మల్లా పిలిచె. ఇది నా మొగం సూసుకుంటా ఏందో సెప్తానే ఉండాది. ఆమె మొగం నల్లబడిపాయ.

ఇది లోపలికి పోయినాక ఆమె నా కాడికొచ్చి, 'సూసినావామ్మా? ఉజ్జోగమొచ్చినాక నా బిడ్డకి నా మాటంటే లెక్కల్యా. పొగరెక్కింది' అనె.

'పొగరు కాదమ్మా, దానికి ఇనపడ్డంల్యా' అంటి.

'యాల ఇనపడదు? చిన్నప్పుడు కొట్టంలో దూడ మసిలితే నిద్రలోంచి లేచి కూసునేది గదా!'

జున్ను గిన్నె ఆడనే పెట్టేసి లేస్తి మేడం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కుమారిని అడిగితి. అది నా సెయ్యి పట్టుకొని, 'ఎవురికీ సెప్పద్దు అక్కా, అన్‌ఫిట్ అని తీసేస్తారు' అని ఏడిసె. నేను సెప్పలా.

ఆ మంగళవారం సంగతా? అదే సెప్తాండా.

కాల్చేది అయినాక సార్ విజిలేస్తాడు. అందరూ తుపాకులు ఖాళీ సేసి కింద పెడతాము. 'ముందుకు' అంటే అప్పుడు టార్గెట్ల కాడికి నడస్తాము. ఆ పొద్దు నా పక్కన కాల్చే మునిశేఖర్ తుపాకిలో గుండు మధ్యలో ఇరుక్కునింది. వాడు దాన్ని సరిజేసుకుంటాండాడు. మిగతా వాళ్ళవి అయిపాయ. 'ఎవురూ కదలద్దండి, మునిశేఖర్ పూర్తి సేస్తాడు' అని సార్ అరిసె. ఆయన అరుపు సంగతి తెలుసు గదా, రోడ్డు మింద పోయే బస్సులో వాళ్ళకి గూడా ఇనిపించింటాది.

కుమారికి ఇనపడలా.

అందరూ తుపాకులు దించినారు. విజిలూ అయింది, ముందుకూ అయింది అనుకొనింది. తన తుపాకి కింద పెట్టి నడిచింది మేడం, టార్గెట్ల పక్కకి. సెవిలో దూది పీక్కుంటా, నిమ్మళంగా నడిచింది.

మునిశేఖర్ ఒక కన్ను మూసి, రెండో కన్ను తుపాకి మింద పెట్టి ఉండాడు. ఇది వాని టార్గెట్‌కి అడ్డమొస్తాండాది. 'కుమారీ!' అని అరిస్తి. గొంతు సినిగేతట్లు అరిస్తి. అది తిరగలా. మునిశేఖర్ తల ఎత్తలా, వానికీ సెవుల నిండా దూదే, హోరే. సార్ అవతల పక్కకి తిరిగి ఇంగొకరికి ఏందో సెప్తాండాడు, ఆయనా తిరగలా. అంత పెద్ద గోడౌన్లో నా అరుపు ఒక్కరికీ పనికి రాకపాయ మేడం!

ఇంగేం సేస్తా? దూకి, వాని తుపాకిని కిందనుంచి సేత్తో కొడితి. గుండు రేకు సీల్చుకొని పాయ. బొక్క ఆడనే ఉండాది, పోయి సూసుకోండి. మునిశేఖర్ నన్ను తిట్టబోయి నోరు తెరిసె. అప్పుడు కుమారి కండ్లబడె. తుపాకి కింద పెట్టేసి గోడకానుకొని కూసుండిపాయ.

దానికా? దానికేం తెలుసు! టార్గెట్ కాగితం పీక్కొని నవ్వుకుంటా వొస్తాండాది. 'అక్కా, అన్నీ లోపలే తగిలినాయి సూడు!' అని.

...రొన్ని నీళ్ళియ్యండి మేడం.

దామోదర్ సార్ నా మిందికొచ్చె. 'ఫైరింగ్ లైన్లో పక్కోని ఆయుధం ముట్టుకుంటావా!' అని. ముట్టుకోకూడదు, నిజమే, నాకూ నేర్పినారు. సరే, తిట్టినాడు, పడితి. ఆ తర్వాత ఏమన్నాడో రాసినాడా ఆ రిపోర్టులో? 'రెండో బ్యాచ్, లోపలికి రండి' అనె! రేకు బొక్కలోంచి ఇంకా తుప్పు రాలతాండాది, రెండో బ్యాచ్ రావాలంట!

అప్పుడు లేచింది నాకు కోపం. అందరినీ బయటికి పంపి షట్టరు దించితి. బీగమేసి, దాని తాళం సెయ్యి జేబులో పెట్టుకుంటి. 'ఇయ్యి' అనె సార్. 'మంచి మఫ్‌లు తెప్పించండి, గోడలకి సప్పుడు పీల్చుకునే అట్టలు కొట్టించండి, అప్పుడిస్తా' అంటి. రెండో బ్యాచోళ్ళల్లో ఒక్కడు గూడా షట్టరు కాడికి రాలా. అది సాలు నాకు.

బయమా ఇది మేడం? బయమున్నదైతే ఎప్పుడో లీవు పెట్టి ఇంటికి పోయుండును.

ఏందది? కుమారి మింద గూడా రాసినాడా? ఏదీ, సదవండి... 'చిన్ననాటినుండి గల చెవి లోపమును దాచిపెట్టి ఉద్యోగమున చేరినది.'

అమ్మా! ఎంత మాట రాసినాడు! అట్లయితే దాన్ని ఇంటికి పంపేయచ్చు గదా. గోడౌను తప్పు కాదు, తుపాకి తప్పు కాదు, దూది తప్పు కాదు. కని పెంచిన ఈరమ్మ తప్పు!

సరే మేడం. అట్లయితే ఇంగో మాట రాసుకోండి. మా నాయినకి గూడా సెప్పని మాట.

నాకూ ఎడం సెవి పోయింది.

అట్ల సూడద్దండి. నిజమే సెప్తాండా. ఎప్పుడు సూడు ఒకటే గీ... అని కీచురాయి కూసినట్ల ఉంటాది. ఫోను కుడి పక్కనే పెట్టుకుంటా. మదనపల్లిలో సూపిచ్చుకుంటే ఎవురికన్నా తెలుస్తాదని, సాదా బట్టలేసుకొని కుప్పం పోతి. ఆడ ఒక అద్దాల గూట్లో కూసోబెట్టి, తలకి అవేవో తగిలిచ్చి, సేతికి ఒక బటన్ ఇచ్చిరి. ముందు ఎడం సెవికి పెడతారంట, సప్పుడు ఇనిపించినప్పుడల్లా నొక్కాలంట. నేను కాసుకొని కూసున్నా. ఏమీ రాలా. ఇంకా మొదలు పెట్టలేదేమో అనుకుంటి. అద్దం అవతల ఆ పాప నా పక్క సూసి సెయ్యి ఊపతాండాది, నొక్కండి, నొక్కండి అని. అప్పుడు తెలిసింది మేడం, సప్పుడు వొస్తానే ఉండాదని.

'పోయింది తిరిగి రాదమ్మా, ఉండేదాన్ని కాపాడుకో' అనె డాక్టరు. తలూపి వొచ్చేస్తి. వొచ్చి మల్లా అదే గోడౌన్లో కాలిస్తి.

యాలనా? స్క్వాడు లోంచి తీసేస్తారని. మా ఊర్లో తుపాకి పట్టిన ఆడబిడ్డని నేనొక్కదాన్నే మేడం. మా నాయిన టీ అంగట్లో కూసుంటే ఆ మాట ఎత్తకుండా గ్లాసు కింద పెట్టడు.

ఇప్పుడు సెప్పండి. నాదీ చిన్నప్పుడే పోయిందని రాస్తారా? నన్ను సేర్చుకునేటప్పుడు సెవులు పరీక్ష సేసి బాగుండాయని ముద్రేసింది మీ డిపార్ట్‌మెంటే గదా? కుమారికీ ఏసింది మీరే గదా? స్క్వాడులో అందరినీ ఆ అద్దాల గూట్లో కూసోబెట్టండి. మునిశేఖర్‌ని కూసోబెట్టండి. దామోదర్ సార్‌ని మొట్టమొదట కూసోబెట్టండి. అందరం అమ్మ కడుపులోంచే సెవుడుగా పుట్టి ఒకే స్క్వాడులో సేరినామేమో, తేలిపోతాది!

...రాసినారా? కుమారిది డ్యూటీలో తగిలిన దెబ్బ అని? సదవండి మేడం. ఈ కుడి పక్కకొచ్చి సదవండి.

ఊ.

ఆ, ఆ మాటే. 'విధి నిర్వహణలో.' బాగుండాది.

నా కార్బైను తీసుకుంటారా? తెలుసు. నోరు తెరిసినప్పుడే తెలుసు. తీసుకోండి. యాడో ఒక స్టేషన్లో కుర్చీ ఏసి కూసోబెడితే కూసుంటా. మా నాయినకి మాత్రం నేనే సెప్పుకుంటా, మీరు ఫోను సెయ్యద్దండి.

ఇదో, బీగం తాళం సెయ్యి. మీ బల్ల మిందే పెడతాండా. గోడలకి అట్టలు పడేదాకా తెరిసేది లేదంటిరి గదా, ఆ మాట మీది. నమ్మతా. మీరు ఇట్ల చిత్తూరు పోతానే ఎవురన్నా షట్టరు ఎత్తినారనుకోండి... ఏముండాది మేడం, మదనపల్లి బజార్లో బీగాలకేమన్నా కరువా?