ఈశాన్యం గోడ

ఆత్మకూరులో ఒక మేడ. నెట్ ఆగిపోయిందని పిలిస్తే వచ్చిన మెకానిక్, ఇంటి పెద్దాయన పెరట్లో గోడ పక్కన నిలబడి ఉన్నారు.

"ఏంది పెద్దాయనా ఇది! రూటర్ ఈ గోడకవతలే ఉండాది. కోడలమ్మ గది సరిగ్గా దాని పైనే. కేబులేమో ఇంటి చుట్టూ ప్రదక్షిణ చేసి పైకెక్కినాది!"

"ఇది ఈశాన్యం గోడ అబ్బయా. దీనికి బొక్క కొట్టనిచ్చేది లేదని కేబులు వేసిన రోజే చెప్పినాను."

"పోనీ, ఎండకు తట్టుకునే నల్ల కేబులన్నా కొనాల్సింది. ఇది ఇంట్లో వేసే రకం. చూడండి, ముట్టుకుంటే పైతోలు రాలిపోతా ఉండాది."

"తెల్ల గోడకు తెల్లదైతే కనపడదని తెచ్చినాను."

"కనపడనూ లేదు, పనీ చెయ్యలేదు. కోడలమ్మ పనిచేసేది ఇంట్లోంచే కదా, రోజూ మీటింగు మధ్యలో నెట్ పోతా ఉంటే ఆ ఉద్యోగం ఎన్నాళ్లుంటాది?"

"పోతే పోనీలే. ఈశాన్యానికి బొక్క పడితే ఇంటి యజమానికి కీడంట."

"మరి ఈ గోడకే ఆ చివర నా పిడికిలంత బొక్క ఉండాదే, పైపు కూడా బయటికొచ్చి ఉండాదే, అదేంది?"

"అది ఏసీ పైపు."

"ఎవరి గదిలో ఏసీ?"

"నా గదిలోదే."

"దానికి లేదా కీడు?"

"భలేవాడివే! ఎండలు మండిపోతా ఉంటే వాస్తు చూస్తా కూర్చుంటారా ఎవరన్నా?"