మొదటి బెంచీలో కూర్చున్నదెవరు

పింఛను పుచ్చుకుని ఇంట్లో కూర్చున్నా, చెవిన ఒక తప్పు పడితే దిద్దకుండా ఊరుకోలేని లెక్కల టీచరు ఒకావిడ. ఆవిడ ఇంటి వరండాలో, మంత్రిగారి జీవిత చరిత్ర రాస్తున్నానంటూ వచ్చి తిష్ఠవేసిన పెద్దమనిషి ఒకడు.

"ఎన్నిసార్లు చెప్పమంటావు నాయనా? నాకేం గుర్తులేదు. ముసలి బుర్ర."

"అలా అనకండి టీచరుగారూ. ఆయన చదువు గురించి ఒక్క పేజీ. మీ క్లాసులో మొదటి బెంచీలో కూర్చునేవారట కదా?"

"మొదటి బెంచీయా! ఆ పేరుగలవాడు చివరి బెంచీ. కిటికీ పక్కన."

"చూశారా, గుర్తుంది! కుడిచేత్తో ముత్యాల్లాంటి అక్షరాలు రాసేవారని..."

"ఎడమచేత్తో. కోడి కెలికినట్టుండేవి."

"మంత్రిగారు సంతకం కుడిచేత్తో పెడతారే?"

"మంచినీళ్లు తాగుతావా?"

"వద్దండీ. ఎడమచెయ్యి అన్నారు."

"అన్నానా? ఇంకెవడో అయుంటాడు. ఎంతమంది పిల్లలు, ఎంతమందిని గుర్తుపెట్టుకోను?"

"అదే నా భయమూను. అవతలివాళ్లు కోర్టుకెక్కారు. ఆయనిక్కడ పుట్టలేదట, ఇక్కడ చదవలేదట, ఓటే లేనివాడికి పదవేమిటట."

"పేపర్లో చూశాను."

"ఓటు పోతే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే పాత కేసులన్నీ లేచి కూర్చుంటాయి. ఆయన ఊరుకునే మనిషి కాదండీ."

"నాకెందుకు చెబుతున్నావు ఇదంతా?"

"ఊరికే. బడి పక్కన కలప డిపోలో పని చేసుకుంటూ చదువుకున్నారని రాశాను. సరేనా?"

"పని చేశాడు. చదవలేదు."

"ఏంటండీ?"

"సరిహద్దు అవతల్నుంచి లారీలో వచ్చి దిగాడు. మీసాలొచ్చినవాడు బళ్లో ఎక్కడ కూర్చుంటాడు? అయ్యో, ఏం వాగించావు నాచేత!"

"కంగారు పడకండి. నాకు తెలిసిందే. సర్టిఫికెట్టు మీ చివరి బెంచీ కుర్రాడిది. పేరూ వాడిదే, పుట్టినరోజూ వాడిదే."

"తెలిసే అడుగుతున్నావా? నువ్వెవరి మనిషివి?"

"పుస్తకం రాసేవాణ్ణండీ. ఇంతకీ ఆ కుర్రాడు..."

"చచ్చిపోయాడు."

"అంత గబుక్కున చెప్పేశారేం?"

"పోయినవాణ్ణి తవ్వకు. ఏట్లో పడ్డాడు. ఊరంతా వెతికింది, దొరకలేదు. అంతే. ఇక వెళ్లు నాయనా."

"వెళ్తాను, వెళ్తాను. నేనూ అదే రాశాను. చదువుతా, తప్పులుంటే చెప్పండి. 'ఆ కుర్రాడు వట్టి మొద్దు'..."

"మొద్దు కాదు. సరే, కానియ్."

"'దిక్కులేక టీచరుగారింట్లో తిని, చివరికి ఆవిడ గాజులే ఎత్తుకుపోయాడు'..."

"ఎవరన్నారు? గాజులు నేనే ఇచ్చాను!"

"ఎందుకిచ్చారు?"

"ఎందుకేమిటి? ఫీజుకి. ఫీజు కట్టుకోమని."

"ఓహో. 'దొంగతనం బయటపడి, మొహం చెల్లక ఏట్లో దూకాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన ఆ వెధవ బతికుంటే ఏ జైల్లోనో ఉండేవాడు'..."

"నోరు ముయ్యి! వాడా వెధవ? సర్టిఫికెట్టు లాక్కుని, నోరెత్తితే నరుకుతామంటే ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయాడు వాడు. జైలట జైలు! ఇవాళ వాడూ లెక్కల మాస్టరే, తెలుసా? నాకంటే బాగా చెబుతాడు!"

"లెక్కల మాస్టరా?"

"అవును, రాసుకో! వెధవ అని రాసింది కొట్టేసి ఇది రాసుకో. పెన్ను జేబులో పెట్టేశావేం?"

"ఇది పుస్తకంలోకి కాదండీ. వాడు పోయాడనే కదా ఇన్నేళ్లూ మంత్రిగారు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతున్నారు. ఇంతకీ, ఏ బళ్లో చెబుతున్నాడు టీచరుగారూ?"