మా ఇంటి రాణిచీమని చంపిందెవరు?

"హత్య అంటే మనిషిని చంపితేనే హత్యా? చీమని చంపితే కాదా? ఏ చట్టంలో రాసుందో చూపించమనండి!"

అద్దాల బాబాయ్ టీ కొట్టు ముందు బెంచీ మీద కూలబడి, ఎవరూ అడక్కుండానే అరిచాడు. వీధి మలుపులో కళ్ళజోళ్ళ షాపు ఆయనది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం వృత్తి, ఆ పని లేనప్పుడు మాట్లాడటం, ఉన్నప్పుడూ మాట్లాడటమే. బెంచీకి ఆ చివర ట్యాక్సీ డ్రైవరు, ఈ చివర బాబాయ్ ఇంటి పై వాటాలో ఉండే నర్సక్కయ్య కూర్చుని ఉన్నారు. ఆవిడ ఆసుపత్రి ఉద్యోగం మానేసి చాలాకాలమైంది గానీ, ఆ పిలుపు మానలేదు.

"ఎవరిని చంపారు గురువుగారూ?" అన్నాడు టీ కొట్టాయన, పాలు పొంగకుండా ఓ కంట కనిపెడుతూనే.

"నా రాణిని! ఇంకాసేపట్లో మా బిల్డింగు మీటింగు ఉంది. అక్కడ తేల్చేస్తాను. మీరందరూ నాతో వచ్చి నిలబడాలి. ముందు జరిగింది వినండి, వింటే మీ కడుపూ మండుతుంది.

"ఆ మధ్య పెద్ద వాన కురిసింది చూడండి, ఆ మర్నాడు షాపు షట్టరు ఎత్తబోతుంటే దాని మీద ఓ చీమ. రెక్కలు రాల్చేసుకుంది. అంటే రాణి. మీరైతే విదిలించి పారేసేవాళ్ళు, నేను లెన్సు పెట్టి చూశాను. తల ఇంత, పొట్ట చూస్తే ఏమీ లేదు. మామూలు రాణికి పొట్ట నిండా సరుకుంటుంది, ఎక్కడో కన్నంలో ఒంటరిగా కూర్చుని, తన ఒంట్లో కొవ్వు కరిగించి పిల్లల్ని పెంచుకుంటుంది. ఇది ఆ బాపతు కాదు. ఇది పరాన్న చీమ! ఇంకో జాతి చీమల ఇంట్లో దూరి, వాళ్ళ రాణి పీక నొక్కి, ఆ గద్దె మీద కూర్చుని, ఆ పనివాళ్ళ చేతే తన పిల్లల్ని పెంచించుకునే రకం."

"మా ఓనరు లాగా అన్నమాట," అన్నాడు డ్రైవరు.

"నవ్వకు. చేతిలో ఉన్న పని పక్కన పెట్టి, దాన్ని గాజుగొట్టంలో వేసి, ఓ పక్క నీళ్ళు, నీళ్ళకి అడ్డంగా దూది, ఇంకో పక్క గాలి ఆడేలా ఇంకో దూది, పైన ఎర్ర కాగితం చుట్టి, ఎర్ర వెలుగు వాటికి చీకటితో సమానం లెండి, భద్రంగా ఇంటికి తెచ్చాను. తెచ్చి, ఇది ఇలా ఒకళ్ళింట్లో చేరి తిని కూర్చునే జాతి అని మా ఆవిడకి ముద్దుగా చెప్పానో లేదో, ఆవిడ ఒంటికాలి మీద లేచింది. 'మా తమ్ముణ్ణి దెప్పడానికేగా దీన్ని తెచ్చారు!' అంది. చూశారా? నేను శాస్త్రం చెబుతుంటే ఆవిడకి తమ్ముడు గుర్తొచ్చాడు. వాడు ఉద్యోగం వెతుక్కోవడానికి వచ్చి మా సోఫాలో పడుకున్నాడు, ఆ మాట నిజమే, కానీ నేను వాణ్ణి ఒక్క మాటన్నానా? లోకంలో మంచికి రోజులు లేవు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గ్యాసు బండ వెనకున్న చీమలపుట్టలోంచి పనిచీమల్ని ఏరాను. కాసేపు చల్లబడితే మత్తుగా ఉంటాయి, కొత్త రాణిని కరవవు అని చిన్న డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. మా బావమరిది లేచి టీ పెట్టుకున్నాడు. జీవితంలో వాడు స్వయంగా పెట్టుకున్న మొదటి టీ అది. తాగి, 'అక్కా, కొత్త టీ పొడి ఘాటుగా ఉందే, మిరియాలు కలిపారా?' అన్నాడు."

టీ కొట్టాయన చేతిలో గరిటె ఆగిపోయింది. "తాగేశాడా?"

"రెండో కప్పు కూడా అడిగాడు. వాడి సంగతి వదిలేయండి, నా శ్రమ చూడండి. మళ్ళీ బండ జరిపి, మళ్ళీ చీమల్ని ఏరి, ఈసారి దగ్గరే కాపలా కూర్చుని, గొట్టంలోకి వదిలాను. రాణి ఏం చేసింది? ముందు ఒక పనిచీమని ఒడిసి పట్టుకుని, ఒళ్ళంతా దానికి రుద్దుకుంది, అంటే దాని వాసన పూసుకుంది. ఇక మిగతావి వాసన చూసి, మన మనిషే అనుకుని దారిచ్చాయి. అంతే! కాసేపటికి అవే దాని నోట్లో తిండి పెడుతున్నాయి. మా ఆవిడ కూడా వంగి లెన్సులోంచి చూసి, 'అయ్యో, ఎంత ఠీవిగా తింటోందండీ' అంది. అప్పట్నుంచి దానికి రాణమ్మ అని పేరు పెట్టి, చెవిలో పెట్టుకునే దూదిపుల్లతో పంచదార నీళ్ళు తనే పట్టేది. నాకు కాఫీ ఇవ్వడం మర్చిపోయేది గానీ, రాణమ్మ నీళ్ళు మర్చిపోలేదు."

"ఇంతవరకూ నమ్ముతాను," అంది నర్సక్కయ్య, బిస్కట్టు టీలో ముంచుతూ. "మీ ఆవిడ నాకూ చూపించింది."

"విన్నారా? సాక్ష్యం!" బాబాయ్ ఛాతీ విరుచుకున్నాడు. "ఇక రాణమ్మ గుడ్లు పెట్టడం మొదలెట్టింది. గొట్టం చాలక చేపలతొట్టిలోకి మార్చాను. అంచులకి పౌడరు పూశాను, ఎక్కబోతే జారిపడేలా. పిల్లలు ఎదిగాయి, పెద్దవయ్యాయి, ఒక్కటీ పని చెయ్యదు! అన్నీ తల్లి పోలికే. మరి వాటికి ఊడిగం చెయ్యడానికి ఆ కాసిని పనిచీమలు సరిపోతాయా? కబురు పంపించాయి. పై వాటా నుంచి, కింది వాటా నుంచి, పక్క బిల్డింగు నుంచి, మెట్ల మీద బారులు తీరి చీమలు మా ఇంటికి పనికి వచ్చేవి. పొద్దున రావడం, సాయంత్రం పోవడం. అక్కయ్యా, ఈ మధ్య మీ వంటింట్లో చీమ కనపడిందా?"

"లేదు."

"ఎందుకు కనపడుతుంది? అన్నీ మా ఇంట్లో డ్యూటీలో ఉన్నాయి! బిల్డింగంతా పంచదార డబ్బాలు మూతలు తీసి పెట్టుకున్నారు, నా పుణ్యాన. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు వచ్చి 'మీ మేలు మర్చిపోలేం' అన్నాడా? అనకపోగా, మెట్ల మీద నడవడానికి చోటు లేదని సెక్రటరీకి ఫిర్యాదు!"

"మరి చోటుండేదా బాబాయ్?"

"పక్కకి జరిగేవిగా! మర్యాద తెలిసిన చీమలు. నా షాపుకి కూడా వచ్చేవి. కళ్ళజోడు కాడకి బిగించే స్క్రూ చూశారా? నా చేతికే దొరకదు, కింద పడితే ఆ రోజు పని అయిపోయినట్టే. చీమలు వెతికి, మోసుకొచ్చి, కన్నంలో పెట్టి, మూడేసి చొప్పున తిప్పి బిగించేవి. బిగించాక ఒకటి పైకెక్కి తొక్కి చూసేది, వదులుందేమోనని. మొన్న నువ్వు పట్టుకెళ్ళిన నల్లద్దాలు ఎవరు బిగించారనుకున్నావు?"

డ్రైవరు జేబులోంచి అద్దాలు తీసి కాడ కదిపి చూశాడు. "ఇది ఊగుతోంది బాబాయ్."

"అది నేను బిగించింది. రెండోది చూడు."

నర్సక్కయ్య పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయ్ ఆగలేదు.

"అసలు విడ్డూరం వినండి. మా బావమరిది సోఫాలో కదలకుండా పడుకుని, భోజనం వేళకి నోరు తెరుస్తాడు కదా. పనిచీమలు వాణ్ణి చూసి, ఇదేదో పెద్ద పిల్లపురుగు అనుకున్నాయి! వాటికి అంతే తెలుసు, కదలకుండా నోరు తెరిచేది ఏదైనా పెంచాలి. వంటింట్లోంచి ఒక్కో పంచదార పలుకే తెచ్చి వాడి నోట్లో వెయ్యడం. వాడు కళ్ళు కూడా తెరవడు, చప్పరించి మళ్ళీ నోరు తెరుస్తాడు. వారం తిరిగేసరికి చొక్కా బొత్తాలు పట్టలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడికి ఇంటర్వ్యూ వచ్చింది. లేపితే లేవడే! చీమలన్నీ సోఫా కింద దూరి, సోఫాతో సహా వాణ్ణి ఎత్తి, మెట్లు దిగి, నడిరోడ్డు మీదుగా ఆ ఆఫీసు దాకా మోసుకెళ్ళాయి. సిగ్నల్ దగ్గర ఆగాయి కూడా, ఎర్రలైటు వాటికి కనపడకపోయినా పక్క బళ్ళు ఆగాయని చూసి!"

"ఏ సిగ్నల్? నేను రోజంతా రోడ్డు మీదే ఉంటాను," అన్నాడు డ్రైవరు.

"నువ్వు ముందుకి చూస్తూ నడుపుతావా, కిందకి చూస్తూ నడుపుతావా? మరి!"

"ఉద్యోగం వచ్చిందా?" టీ కొట్టాయన అడిగాడు.

"లేవకపోతే ఎలా వస్తుంది? సోఫాని మాత్రం రిసెప్షన్‌లో ఉండిపొమ్మన్నారు. చీమలు ఒప్పుకోలేదు, వెనక్కి తెచ్చేశాయి. అది కాదు, దాని తర్వాతది వినండి. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి నేరుగా రాణమ్మ తొట్టి మీద పడేది. ఆవిడకి వెలుగు పడదు. పరదా వేద్దామనుకున్నాను, రెండు రోజులు ఆలస్యమైంది. పనిచీమలు ఊరుకుంటాయా? ఊరిలో ఉన్న చీమలన్నీ ఏకమై, పునాది కింద దూరి, మొత్తం బిల్డింగుని ఎత్తి అటు తిప్పేశాయి!"



"తమ్ముడూ," అంది నర్సక్కయ్య, "నా బాల్కనీ ముందూ రోడ్డు వైపే ఉండేది. ఇప్పుడూ రోడ్డు వైపే ఉంది."

"ఉంటుంది! మీరు కంగారు పడతారని రోడ్డుని కూడా తిప్పాయి."

డ్రైవరు టీ పొలమారి దగ్గాడు. టీ కొట్టాయన పాలు పొంగిపోయాయి. బాబాయ్ మొహం మాత్రం జేవురించింది.

"నవ్వండి, నవ్వండి! అంత గొప్ప రాణమ్మ నిన్న పోయింది. షాపు నుంచి వచ్చేసరికి ఇల్లంతా పురుగుల మందు కంపు. తొట్టి నిండా, గచ్చు నిండా, ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. రాణమ్మ కాళ్ళు పైకి పెట్టి... చెప్పలేను. మా ఆవిడ చెల్లెలింటికి వెళ్ళింది, రేపు వస్తుంది. గుమ్మంలోకి రాగానే చెప్పులు కూడా విప్పదు, 'రాణమ్మ తిందా?' అంటుంది. ఏమని చెప్పను? ఎవరో ఒకరు జవాబు చెప్పాలా వద్దా? ఆ ఒకరెవరో కనిపెట్టాను. మెట్లు తుడిచే ఆవిడ! ఆవిడ చెత్త బకెట్‌లో మందు డబ్బా దొరికింది, ఖాళీది. మెట్ల మీద చీమలు తుడవలేక కక్ష పెట్టుకుంది. ఇవాళ మీటింగులో ఆవిణ్ణి పనిలోంచి తీసేయిస్తాను. మీరంతా వచ్చి అవునంటే చాలు."

నవ్వులు ఆగిపోయాయి. మెట్లు తుడిచే ఆవిడ ఆ కొట్టు దగ్గరే రోజూ చేతులు కడుక్కుని టీ తాగేది. అందరికీ తెలిసిన మనిషి.

"ఆవిడ చేసి ఉండదు బాబాయ్," అన్నాడు డ్రైవరు మెల్లగా. "ఇంట్లోకి ఎలా వస్తుంది?"

"ఎలాగో వచ్చింది! డబ్బా అబద్ధం చెబుతుందా?"

నర్సక్కయ్య టీ గ్లాసు కింద పెట్టింది.

"ఆ డబ్బా నాది."

బాబాయ్ అటు తిరిగాడు.

"బిల్డింగు తిప్పినా ఊరుకున్నాను, సరదాగా ఉందని. ఒకామె పొట్ట కొడతానంటే ఊరుకోను. నిన్న మధ్యాహ్నం నువ్వు షాపులో లేవు తమ్ముడూ, ఇంట్లోనే ఉన్నావు. తొట్టి అంచుకి పౌడరు పూయడం మర్చిపోయి, దాని పక్కనే పరుపు వేసుకుని పడుకున్నావు. నీ కేకలకి నేను పరిగెత్తుకొచ్చేసరికి స్నానాలగదిలో దూరి, గడియ పెట్టుకుని, 'అక్కయ్యా, మందు డబ్బా తెచ్చి అంతా చల్లెయ్' అని అరుస్తున్నావు. పాపం పెంచుకున్నవి కదా, చీపురుతో తోసేద్దామా అని రెండుసార్లు అడిగాను. ఏమన్నావు?"

బాబాయ్ వంగి బెంచీ కింద చెప్పులు వెతుక్కున్నాడు.

"'పెంచుకున్నవే, పైజామాలో ఉన్నాయి, చల్లు!' అన్నావు. చల్లాను. ఖాళీ డబ్బా నేనే ఆవిడ బకెట్‌లో వేశాను. మీ ఆవిడకి చెప్పడానికి నీకు భయమైతే, రేపు నేను వచ్చి చెబుతాను. మీటింగులో మాత్రం ఆవిడ మాట నీ నోట రాకూడదు."

టీ కొట్టాయన పొంగిన పాలు గుడ్డతో తుడుస్తూ తల ఎత్తలేదు. డ్రైవరు నల్లద్దాలు పెట్టుకుని మొహం పక్కకి తిప్పుకున్నాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. బాబాయ్ లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీటింగులో ఆవిడ పేరు ఎత్తను. సరేనా? కానీ ఒక్కటి అడుగుతాను అక్కయ్యా, న్యాయంగా చెప్పు." వేలు గాల్లో ఊపాడు, గొంతు మళ్ళీ హెచ్చింది. "ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో సూదులు పొడిచావు. వద్దు, వద్దు అని అరిచినవాళ్ళ మాట ఒక్కనాడైనా విన్నావా? మరి నా మాట ఎందుకు విన్నావు?"