వాసన చూసి తాళమెయ్యల్ల

అది కాదు కరీమన్నా, ఇరవై తొమ్మిదేండ్లు కెమిస్ట్రీ ల్యాబులో చేసినోన్ని తీసకపోయి లైబ్రరీలో కూర్చోబెడితే నేనేం చెయ్యల్ల చెప్పు? ఆడ ఎవురూ మాట్లాడకూడదంట. గోడకు బోర్డు కూడా కొట్టినారు. పిల్లోళ్ళు వస్తారు, పుస్తకం తీసుకుంటారు, రిజిస్టర్లో రాస్తారు, పోతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా నోట్లోంచి ఒక మాట రాదు.

ఈ మాట చెప్పేదానికేనా ఎండలో బస్సెక్కి ఉరవకొండ దాకా వచ్చినావు అనుకుంటాండావేమో. టీ వద్దులేన్నా, కూర్చో. వదినను లేపొద్దు. నాకు చెప్పుకునేదానికి ఇంగెవురుండారు? ఆ ల్యాబులో నాకు పని నేర్పించినోనివి నువ్వే. నువ్వు రిటైరైన దినం నీ తాళాలు నా చేతికిచ్చి పోతివి. ఆ తాళాల గురించే నీకు చెప్పల్ల.

పోయిన జూన్లో ఏమాయెనంటే, అటెండర్ పోస్టులు నింపేది ఎప్పుడో మానేసినారు కదా, ల్యాబంతటికీ నేనొక్కన్నే. ప్రిన్సిపాల్ సారు పిల్చి, 'జయరాముడూ, డిగ్రీ పిల్లోళ్ళు ఇద్దర్ని ఇస్తా. క్లాసులైనంక వచ్చి నీకు సాయం చేస్తారు. పని నేర్పించు' అనె.

నిజం చెప్తాండా, నాకు ఇష్టం లేకపాయె. గాజు సామాన్లు పగలగొడతారు, ఫోన్లు చూసుకుంటా కూర్చుంటారు అనుకుంటి. వచ్చిరి ఇద్దరు. వంశీ అని ఒకడు, అనంతపురమోడే, తొందర మనిషి. మౌనిక అని ఒక పాప. ముదిగుబ్బ దిక్కు పల్లె. హాస్టల్లో ఉంటాది. వాళ్ళ నాయన ఎర్రన్న గొర్రెలు మేపుతాడు.

మొదటి దినమే నన్ను సార్ అనిరన్నా. ఇన్నేండ్లలో నన్ను సార్ అన్నోళ్ళు వాళ్ళిద్దరే. నేను సార్ కాదప్పా, అటెండర్ని, అన్నా అనండి అని చెప్పల్ల కదా. చెప్పలే.

బ్యూరెట్లు కడిగేది చూపిస్తి, నువ్వు నాకు చూపించినట్లే. మన కాలేజీకి ట్యాంకరు ఇప్పటికీ దినం విడిచి దినమే వస్తాది. బోరు నీళ్ళతో కడిగితే గాజు మీద తెల్లగా సున్నం కడతాది. కడాన డిస్టిల్డ్ వాటర్ పొయ్యల్ల, అదేమో చెంబెడు కూడా ఉండదు. 'ఒకే తూరి నిండుగా పోసేదాని కన్నా, కొంచెం కొంచెం మూడు తూర్లు పోసి, తిప్పి పారబోయండి. నీళ్ళు తక్కువ పడతాయి, శుభ్రం బాగుంటాది' అంటి. వంశీ నవ్వె. ఆ పాప నవ్వలే. 'మా ఇంట్లో గిన్నెలు అట్లనే కడుగుతాము సార్' అనె. ఈ పాపకు పని వస్తాదని నాకు అప్పుడే తెలిసిపాయె.

ఆసిడ్‌లో నీళ్ళు పొయ్యొద్దు, నీళ్ళలోకే ఆసిడ్ పొయ్యల్ల, అదీ సన్నగా. బ్యూరెట్లో అంకె చూసేటప్పుడు వంగి, కన్ను దానికి సమంగా పెట్టల్ల. సీసా తీసేటప్పుడు పేరు చదవల్ల, పెట్టేటప్పుడు మల్ల చదవల్ల. ఇవన్నీ చెప్తాంటి. చెప్పిందే చెప్తాంటి. వాళ్ళకు బాగా వచ్చేసిన పని కూడా మల్ల మొదట్నుంచీ చెప్తాంటి. వాళ్ళు వింటాండిరి. సాయంత్రం ఐదైనా నాకు ఇంటికి పోబుద్ధయ్యేది కాదు.

ఇంట్లో ఏముండాదన్నా? ఇంద్రాణి పోయి నాలుగేండ్లు దాటె. ఇద్దరికీ ఒకే తూరి కరోనా రాలేదా, ఇద్దరమూ ఒకే వార్డులో పడలేదా. ఇంటికి వచ్చింది నేనొక్కన్నే. పిల్లల్లేరు. టీవీ పెట్టుకుంటా, అది మాట్లాడతా ఉంటాది.

ఆ జబ్బులో ఇంగొకటి కూడా పాయెనన్నా. అది నీకూ చెప్పలే. వాసన.

అందరికీ పోయింది, అందరికీ తిరిగొచ్చింది. నాకు రాలే. యాల అట్ల చూస్తావు? నిజమే చెప్తాండా. నాలుగేండ్లుగా నాకు ఏ వాసనా తెలీదు. అన్నం అడుగంటితే కూడా తినేస్తా. గిన్నె తోమేటప్పుడు నల్లగా కనపడితే, ఓహో మాడింది అనుకుంటా. పోయినేడు మే నెలలో ఒక వాన పడె. ఆఫీసోళ్ళందరూ వరండాలోకి వచ్చి, ఏం వాసనప్పా మట్టి వాసన, ఎన్నాళ్ళాయె అనిరి. నేనూ వాళ్ళ పక్కన నిలబడి గట్టిగా ఊపిరి పీల్చినా. అవునప్పా, ఎన్నాళ్ళాయె అంటి.

ల్యాబు మనిషికి వాసన తెలీకపోతే ఎట్ల? నువ్వు నాకేం నేర్పించినావు? సాయంత్రం గ్యాస్ ట్యాపులన్నీ చూసినంక వాకిలి కాడ ఒక నిమిషం నిలబడు, ముక్కుతో లోపలంతా చూడు, అప్పుడు తాళమెయ్యి అంటివి. ఈ నాలుగేండ్లూ ఆ వాకిలి కాడ ఉత్తగా నిలబడినా. చెప్తే ల్యాబులోంచి తీసేస్తారు కదా. గమ్మునుంటి.

ఆ పిల్లోళ్ళు వచ్చినంక నాకు ధైర్యమొచ్చె. 'రామ్మా మౌనికా, ఈ పొద్దు నువ్వు నిలబడి చూడు, ఏమన్నా వాసనొస్తాందేమో చెప్పు' అంటాంటి. పని నేర్పిస్తాండానని కదా వాళ్ళనుకునేది. గ్యాస్ వాసనొస్తే ఏం చెయ్యల్లో కూడా చెప్పినా. స్విచ్ ముట్టొద్దు, కిటికీలు తెరువు, సిలిండర్ ఆపు, మనుషుల్ని బయటికి పంపు. ఆ పాప దినామూ వాకిలి కాడ నిలబడి 'ఏం లేదు సార్' అనేది, నేను తాళమేసేది. కొన్నాళ్ళకు నేనడగకుండానే చెప్తాండె. ఏ సీసా మూత తీసినా తానే ముందర చేత్తో గాలి విసురుకోని, ఇది ఫలానా సార్ అనేది. పని మీద ఇష్టం అనుకుంటి. ఎంత బాగా నేర్పించినానప్పా అని మురుసుకుంటి.

ఇదంతా ఎందుకు చెప్తాండానో విను.

ఫిబ్రవరి కడాన, ప్రాక్టికల్ పరీక్షలు రెండు దినాలుండాయనంగా, సాయంత్రం ఆ పాప వచ్చి, 'మా నాయన హాస్టల్ కాడికి వచ్చినాడంట సార్, నేను పోతా' అనె. వంశీ అప్పటికే పోయిండె. 'రిజిస్టర్లో సంతకం పెట్టి పోమ్మా, నేను చూసుకుంటా' అంటి. అన్నీ సరిచూసినాము అని రాసి సంతకం పెట్టేది, నీ కాలం నాటి రిజిస్టరే. పెట్టె. వాకిలి దాటి పోయినట్లే పోయి మల్ల వెనక్కొచ్చె. 'ఉండి చూసి పోతా సార్, ఎంతసేపు' అనె.

'పోమ్మా, నాకు చేతకాదా' అంటి.

అది పోయినంక నేను కడాపటి బల్ల మీద బర్నర్ వెలిగించి నీళ్ళు కాంచుతాంటి. ఆ దినం గాలి ఎట్ల తోలుతాండెననుకున్నావు, కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటాండె. దుమ్మొస్తాందని కిటికీలు మూసేదానికి పోయినా. ఆ లోపల మంట ఆరిపోయిండల్ల. నేను కిటికీలు మూసి, బల్లల మీద ట్యాపులు చూసుకుంటా వచ్చినా. మంట కనపడకపాయె కదా, ఆ బల్ల మీద బర్నర్ నేనే ఆపేసినా అనుకుంటి. సిలిండర్ కాడ మెయిన్ యాల మూయలేదు అంటావు. దినామూ అది మూసేది మౌనిక. నాకు ఆ అలవాటు తప్పిపోయిండె, ఆ పొద్దు గుర్తే రాలే. వాకిలి కాడ నిలబడి, ఊపిరి పీల్చి, తాళమేస్తి.

పొద్దున తొమ్మిదికి వాళ్ళిద్దరే వచ్చినారు. ఇంగొక తాళంచెవి నేనే ఇచ్చింటి. నేను గేటు కాడ బండి నిలబెడతాండా, లోపల దబ్బుమని శబ్దమాయె.

వంశీ తర్వాత చెప్పినాడు. తలుపు తీస్తానే ఆ పాప 'గ్యాస్, నువ్వు రావద్దు' అనిందంట. పరిగెత్తి సిలిండర్ ఆపిందంట. ఒక దిక్కు కిటికీలు తెరిచిందంట. నేను చెప్పినవన్నీ చెప్పినట్లే చేసింది, ఒక్కటి తప్పలే. వీడు సాయం చేస్తామని, గ్యాస్ బయటికి పోతాది కదా అని, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినాడు. ఆ స్విచ్ బోర్డు నీకు గుర్తుండాదా, మోకాలెత్తున ఉంటాది. గ్యాసంతా కిందనే పరుచుకోనుంటాది కదా.

వానికేమీ కాలే, వాకిలి కాడుండె. ఆ పాపకు ఎడమ చెయ్యి మణికట్టు కాడ్నుంచి మోచెయ్యి దాకా కాలిపాయె. కనుబొమ్మలు పాయె.

ముగ్గురు లెక్చరర్లతో కమిటీ వేసిరి. రిజిస్టరు తీసిరి. 'సాయంత్రం సరిచూసి సంతకం పెట్టింది ఈ అమ్మాయేనా?' అని నన్నడిగిరి. 'సంతకం ఆ పాపదే సార్' అంటి. అబద్ధం కాదు కదన్నా. సంతకం దానిదే. ఎవురు తాళమేసినారు అని వాళ్ళు అడగలే, నేను చెప్పలే. ఆసుపత్రికి పోయి ఆ పాపనడిగితే అది కూడా 'సంతకం నాదే సార్' అనిందంట. అంతే, ఇంగేమీ చెప్పలేదంట. నిర్లక్ష్యం చేసింది, పని నుంచి తీసేసినాము అని కాగితమిచ్చిరి.

నేను దినామూ ఆసుపత్రికి పోతాంటి. ఒక దినం వాళ్ళ నాయన, ఆ ఎర్రన్న, నన్ను చూసి లేచి నిలబడి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్యాడు. 'మా పాప వల్ల మీకు మాటొచ్చింది సార్. తెలీక చేసింది. పెద్దమనసు చేసుకోండి' అనె. నాకంటే పదేండ్లు చిన్నోడన్నా. సరేలేప్పా అంటి. ఆ మాట నా నోట్లోంచే వచ్చె.

ఆ పాప వాళ్ళ నాయనను మందులకని పంపించె. పంపించి, 'సార్, మీకు వాసన రాదని నాకు తెలుసు' అనె.

ఎప్పట్నుంచి అంటి.

'దసరా సెలవులకు ముందర. మీ క్యారియర్లో పప్పు పాసిపోయింది. బల్ల అవతల నాకు వాసనొస్తాండె, మీరు తింటాండిరి. అప్పట్నుంచి మీరడగకుండానే చెప్తాంటి.'

మరి కమిటీకి యాల చెప్పలేదమ్మా అంటి.

'చెప్తే మిమ్మల్ని తీసేస్తారు కదా సార్. మీరే చెప్తారులే అని చూసినా' అనె.

గట్టిగా కూడా అనలేదన్నా. కిటికీ దిక్కు చూసుకుంటా అనె.

మరుసట్నాడు పొద్దున్నే పోయి ప్రిన్సిపాల్‌కు రాసిస్తి. నేనే తాళమేసినా, నాకు వాసన రాదు, నాలుగేండ్లుగా దాచిపెట్టినా అని. అప్పటికి ప్రమాదం జరిగి పదకొండు దినాలు. ఆ పాప మీది కాగితం వెనక్కి తీసుకునిరి. వాళ్ళ నాయనకు నేనే చెప్పినా. ఆ యప్ప తిట్టలే, కొట్టలే. తలగుడ్డ చుట్టుకోని లోపలికి పాయె. నన్ను లైబ్రరీకేసినారు. ఇంగా ఏమో విచారణ ఉండాదంట, ఏమన్నా చేసుకోనీ.

ఇప్పుడా పాప కాలేజీకి వస్తాండాది. మల్ల ల్యాబులో చేరమ్మా, కొత్త లెక్చరరమ్మ బాగా చూసుకుంటాది అని చెప్పినా. 'వద్దు సార్' అనె. లైబ్రరీకి వస్తాది అప్పుడప్పుడు. పొడుగు చేతుల చొక్కా వేసుకోనుంటాది. పేరు రాస్తాది, పుస్తకం తీసుకుంటాది, పోతాది.

ఏమంటివి? కడాన చెప్పినావు కదా, చాల్లే అంటావా?

చాలదన్నా. ఒకటుండాది. ఆ పదకొండు దినాలు యాల గమ్మునుంటివి అని ప్రిన్సిపాల్ అడిగితే, ఉద్యోగం పోతాదని భయపడినా సార్ అని రాసిస్తి. అది అబద్ధం. ఉద్యోగం పోదని నాకు తెలుసు. మహా అంటే ల్యాబులోంచి తీస్తారు, తీసినారు కూడా. నేను గమ్మునుండింది ఉద్యోగానికి కాదు.

నేను ల్యాబులోనే ఉంటే, ఆ పాపను తీసేసినా దాని జాగాలో ఇంగొకర్ని ఇస్తారు కదా అని. కట్టు మార్చేటప్పుడు అది పండ్లు కరుచుకోని పండుకోనుంటే, నేను దాని మంచం పక్కన స్టూలు మీద కూర్చోని, ఈ తూరి ఏ క్లాసు పిల్లోళ్ళను ఇస్తారో, ఎన్నాళ్ళకు ఇస్తారో అని ఆలోచిస్తాంటినన్నా.